పాత బ్యారెల్, బరువు తూటా

"ఈసారి నీ పని తేలికే," అంది మాడ్జ్ ప్రెంటిస్. "ఒక ముసలాయన్ని చంపడానికి వచ్చినవాడికి తూటాలు అమ్మాలి."

కారు అద్దాల మీద సబ్బు నురగ జారుతోంది. రెండు పక్కలా పెద్ద బ్రష్షులు గిరగిరా తిరుగుతూ చెవులు గింగురుమనిపిస్తున్నాయి. కాటన్ క్రీక్ లాంటి చిన్న ఊళ్లో రహస్యాలు మాట్లాడుకోవడానికి కార్లు కడిగే షెడ్డును మించిన చోటు లేదు. ఏ మైక్రోఫోనూ పనిచెయ్యదు, పైగా కారు శుభ్రపడుతుంది.

ప్రెంటిస్‌ని చూస్తే చర్చిలో కేకులు అమ్మే మామ్మ అనుకుంటారు. చేత్తో అల్లిన స్వెట్టరు, ముడి వేసిన తెల్ల జుట్టు, ఒళ్లో బంగాళాదుంప చిప్స్ పొట్లం. శత్రుదేశాల గూఢచారుల్ని పట్టే విభాగానికి పశ్చిమ రాష్ట్రాలన్నిటికీ ఆవిడే బాస్. పక్క సీట్లో నూనె మరకల టోపీతో కూర్చున్నవాడు ఎల్డన్ వైస్, ఆవిడ ఏజెంటు. రెండేళ్లుగా ఈ ఊళ్లో తూటాల కొట్టు పెట్టుకుని ఉన్నాడు. కాల్చి పారేసిన ఇత్తడి తొడుగుల్లో మళ్లీ మందు కూరి, కొత్త బుల్లెట్లు బిగించి అమ్ముతాడు. వయొమింగ్‌లో అలాంటి కొట్టువాణ్ణి ఎవరూ అనుమానించరు. మంగలిని అనుమానిస్తారా?

"ముసలాయన ఎవరు?" అడిగాడు ఎల్డన్.

"నీకు తెలిసినవాడే. ఆర్విడ్ సోలెమ్."

ఎల్డన్ తల తిప్పి చూశాడు. అంతే. అంతకు మించి ఏమీ కాలేదు.

ఆర్విడ్ సోలెమ్ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. ఊరి రైఫిల్ క్లబ్బులో లక్ష్యాల బోర్డులు దించి ఎక్కించే గుంట దగ్గర పెద్ద ఆయనే. ఆ పేరు మాత్రం ముప్పై ఏళ్ల కిందట ప్రభుత్వం పెట్టింది. అంతకు ముందు ఇంకో దేశంలో, ఇంకో పేరుతో, విషవాయువులు తయారుచేసేవాడు. ఒక చలికాలం ఫార్ములాలన్నీ తలలో పెట్టుకుని సరిహద్దు దాటి వచ్చేశాడు. ఆ దేశానికి జ్ఞాపకశక్తి ఎక్కువ.

"శనివారం క్లబ్బు పోటీలో కాల్చేవాళ్ల లైన్లో రైఫిళ్లన్నీ ఒక్కసారి మోగుతాయి కదా," అంది ప్రెంటిస్ చిప్స్ నములుతూ. "అప్పుడు వెనక గుట్ట మీంచి ఇంకొకటి మోగుతుంది. ఎవరికి వినబడుతుంది? ముసలాయన ఒంట్లోంచి తీసే బుల్లెట్టూ పోటీవాళ్లు వాడే రకమే. ఎవడిదో గురి తప్పింది పాపం అంటారు. షెరీఫ్ టోపీ తీస్తాడు, చర్చిలో పాట పాడతారు, అయిపోతుంది."

"పోటీవాళ్లంతా డెబ్బై ఏడు గ్రెయిన్ల బరువు బుల్లెట్టు వాడతారు. గాలికి చెదరదు."

"అదే వాళ్లకీ కావాలి. నీ కొట్టుకే వస్తారు. రైఫిలు కొనేశారప్పుడే. ఈ ఊరి ఫ్లెచర్ ప్రెయిరీ కుక్కల్ని కొట్టేవాడే, ఆ పాత సెమీ ఆటోమేటిక్."

ఎల్డన్‌కి విషయం అర్థమైంది. బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. అవే బుల్లెట్టును బొంగరంలా తిప్పి సూటిగా పంపుతాయి. తేలిక బుల్లెట్టుకి నెమ్మదైన మెలిక చాలు. బరువుగా, పొడుగ్గా ఉన్నదానికి బిగువైన మెలిక కావాలి. లేకపోతే తిరుగుడు చాలక, ఆగబోయే బొంగరంలా తూలి, అడ్డం తిరిగి, దాని ఇష్టమొచ్చిన చోటికి పోతుంది. ఫ్లెచర్ రైఫిలుది పాతకాలపు నెమ్మది మెలిక. బొరియల్లోంచి తలెత్తే ఆ ఉడతజాతి ప్రెయిరీ కుక్కల కోసం యాభై రెండు గ్రెయిన్లవి ఎల్డనే నింపి ఇచ్చేవాడు.

"కాల్చేవాడికి ఆమాత్రం తెలీదా?"

"వాడు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ సర్కారు ఇచ్చిన తుపాకీలో సర్కారు ఇచ్చిన తూటా పెట్టి కాల్చినవాడు. గురి గొప్పదే. కానీ వాళ్ల దేశంలో ఒక తుపాకీకి ఒకటే తూటా. ఎంచుకోవాలన్న ఆలోచనే రాదు." ప్రెంటిస్ వేళ్లు తుడుచుకుంది. "తూటాల్లో మందు తగ్గించడం లాంటివి చెయ్యకు, పరీక్షించుకుంటాడు. సరుకులో లోపం ఉండకూడదు. ఎంపికలో ఉండాలి."

"ఇప్పుడే పట్టుకోవచ్చుగా బాస్?"

"వీణ్ణి పట్టుకుని ఏం చేసుకోను? నాకు అంకుల్ కావాలి."

అంకుల్ అంటే ఆ ముఠా నాయకుడు. మొహం ఎవరికీ తెలియదు. ఒక్కటే తెలుసు: ఎవరి నివేదికనూ నమ్మడు. చంపించిన ప్రతి మనిషి చావునూ స్వయంగా వచ్చి చూసి వెళతాడు. అందుకే గుట్ట మీద తుపాకీ పేలేదాకా అందరూ ఊరుకోవాలి.

"కోరిన్ లాస్కర్ వాళ్లతో ఉంటుంది," అంది ప్రెంటిస్. "మనకీ చెబుతుంది, వాళ్లకీ చెబుతుంది. అసలు ఎవరి మనిషో దానికే తెలియాలి. నా లెక్కలో అరవై శాతం మనమనిషి."

"ఆర్విడ్‌కి చెప్పారా?"

"చెబితే ఆయన మొహమే చెప్పేస్తుంది. వద్దు."

బ్రష్షులు ఆగాయి. వేడిగాలి నీళ్లచుక్కల్ని అద్దం మీద పరుగెత్తించింది. ఎల్డన్ సరే అన్నాడు.

కిందటి అక్టోబరులో కూడా సరే అనే అన్నాడు. భార్య లొరీన్ ఒమాహా ఆస్పత్రిలో పోయిందని ఇదే ప్రెంటిస్ ఫోన్ చేసింది. అంత్యక్రియలకు వెళితే వేషం బయటపడుతుందని కూడా చెప్పింది. అప్పుడు అతను త్రాసు ముందు కూర్చుని బుల్లెట్లు తూస్తున్నాడు. సరే అని ఫోన్ పెట్టేసి మిగిలినవి తూశాడు. ఆ రోజునుంచీ లోపల ఎక్కడో మొద్దుబారిపోయింది. పన్ను పీకడానికి సూదిమందు ఇచ్చాక బుగ్గ ఉంటుందే, అలాగ. ఉందని తెలుస్తుంది, గిల్లితే మాత్రం తెలియదు. సూదిమందైతే సాయంత్రానికి దిగిపోతుంది.

*

మంగళవారం పొద్దున్న కొట్టు తలుపు గంట మోగింది. ముందు తెల్లటి బూట్లు వచ్చాయి, వాటి మీద కోరిన్ లాస్కర్ వచ్చింది. ఎర్ర లిప్‌స్టిక్, ముత్యాల గుండీల చొక్కా, పశువుల మేత భూములు అమ్మిపెట్టే వ్యాపారం. ఆమె వీధిలో నడిస్తే ట్రక్కులు వేగం తగ్గిస్తాయి. పుట్టి పెరిగింది ఈ ఊరి ఏటి ఒడ్డునే, మధ్యలో చాలా ఏళ్లు ఎక్కడెక్కడో తిరిగొచ్చింది.

"ఎల్డన్, ఎంత ముద్దుగా ఉన్నావ్! ఆ టోపీని ఏ బాతునుంచి పీకావ్?"

"బాతు ఇష్టపడే ఇచ్చింది."

వెనక వచ్చినవాడు నవ్వలేదు. పాల్ వెస్ట్‌లేక్ అని పరిచయం చేసుకున్నాడు, పంటల బీమా కంపెనీ అన్నాడు. ఇంగ్లీషు మరీ శుభ్రంగా మాట్లాడాడు. ఈ జిల్లాలో ఎవరూ వాక్యాలు అంత పూర్తిగా మాట్లాడరు.

"మూడు వందల గజాలకి తూటాలు కావాలండీ. ఇక్కడి గాలికి ఏవి నయం?"

ఎల్డన్ అర మీంచి రెండు పెట్టెలు దించాడు. ఒక్కో తూటా తీసి పక్కపక్కన నిలబెట్టాడు. ఒకదాని ముక్కు పొట్టిగా ఉంది, ఇంకోదానిది పొడుగ్గా, సన్నగా, అందంగా ఉంది.

"ఇవి యాభై రెండు గ్రెయిన్లవి. జోరుగా పోతాయి, కానీ గాలి వీస్తే పక్కింటికి పోతాయి. ఇవి డెబ్బై ఏడు. బరువు కదా, గాలి మాట వినవు. శనివారం పోటీలో అందరి దగ్గరా ఇవే ఉంటాయి."

"అందరి దగ్గరా?"

"ఒట్టు. వేరేది తెస్తే నవ్వుతారు."

వెస్ట్‌లేక్ కళ్లు మెరిశాయి. పొడుగు తూటాని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "బరువైనది బలంగా తగులుతుంది కూడానూ."

"తగులుతుంది," అన్నాడు ఎల్డన్. తగిలితే, అని లోపల అనుకున్నాడు. ఆ తూటా ఎవరి కోసమో తెలిసి కూడా చెయ్యి వణకలేదు. వణికి ఉంటే బావుండునని మాత్రం అనిపించింది.

అమ్మకం అయిపోతుండగా కోరిన్ పొట్టి తూటాల పెట్టె కూడా లాగింది. "ఇది కూడా ఇవ్వు. ప్రెయిరీ కుక్కల్ని కొడదాం, సరదాగా ఉంటుంది." చెబుతూ ఎల్డన్ కళ్లలోకి సూటిగా చూసింది. ఆ చూపు ఏమిటో అతనికి బోధపడలేదు. రెండు పెట్టెలూ సంచిలో పడ్డాయి.

*

బుధవారం సాయంత్రం క్లబ్బులో సాధన. ఆర్విడ్ గుంటలో తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాల్చేవాళ్లకీ గుంటకీ మధ్య ఎత్తైన మట్టికట్ట ఉంటుంది. దాని చాటున నిలబడి బోర్డులు ఎత్తి దించేవాళ్లకి ఏ ప్రమాదమూ లేదు. వసంతంలో వానలకి కట్ట ఒక కొసన కుంగింది. సరిగ్గా ఆ కొసనే ముసలాయన కుర్చీ వేస్తాడు, ఎండ అక్కడే పడుతుందని. కుర్చీ జరపమని చెప్పి చెప్పి అందరి నోళ్లూ నొప్పెట్టాయి. కాల్చేవాళ్ల వెనకున్న గుట్ట మీంచి చూస్తే ఆయన తలా ఛాతీ ఫొటో ఫ్రేములో ఉన్నట్టు కనబడతాయి.

"రావోయ్ తూటాలోడా," అన్నాడు ఆర్విడ్. రై రొట్టెలో ఉప్పుచేప పెట్టుకుని తింటున్నాడు. సగం చించి ఇచ్చాడు. ఎప్పుడొచ్చినా సగం చించి ఇస్తాడు, ఎందుకని ఎల్డన్ అడగలేదు.

"ఆ కుర్చీ ఈ చివరకి లాక్కోవచ్చుగా పెద్దాయనా?"

"ఏం, నువ్వు మోస్తావా? నా ఎముకలకి ఎండ కావాలి. మీ ఊరి చలి మా ఊరి చలికంటే మొండిది." కాసేపు నమిలాడు. "లొరీన్ బావుందా? ఒమాహానుంచి ఎప్పుడొస్తుంది?"

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. వేషంలో ఉన్నవాడి భార్య చావడానికి కూడా పై నుంచి అనుమతి కావాలి.

"బావుంది," అన్నాడు ఎల్డన్. ఉప్పుచేప మింగాడు. కుర్చీ జరపమని ఇంకోసారి చెప్పడానికి నోరు తెరిచాడు కానీ, గట్టిగా చెబితే కారణం అడుగుతాడని ఊరుకున్నాడు.

*

గురువారం మధ్యాహ్నం బట్టలుతుక్కునే మెషిన్ల దుకాణంలో కోరిన్ పట్టుకుంది. అతని బట్టలు గుండ్రంగా తిరుగుతున్నాయి. పక్కన కుర్చీలాక్కుని బూట్లు చాపి కూర్చుంది.

"నువ్వు ఫెడరల్ ఏజెంటువి," అంది.

ఎల్డన్ మెషిన్ వైపే చూస్తూ ఉన్నాడు.

"కంగారుపడకు. నువ్వు కంగారుపడే రకం కాదులే, చచ్చిన చేపలా ఉంటావ్. మొన్న కొట్లో నువ్వు ఒక్క ప్రశ్న అడగలేదు. మీది ఏ బ్యారెల్, మెలిక ఎంత అని. మా నాన్న తూటాలు అమ్మేవాడు. ఈ జిల్లాలో తూటాలు అమ్మేవాడెవడైనా ముందు అదే అడుగుతాడు, తర్వాతే గుడ్ మార్నింగ్ చెబుతాడు. నువ్వు అడగలేదంటే నీకు ముందే తెలుసు. నీకు ముందే తెలిసిందంటే ఎవరు చెప్పినట్టు?"

రెండేళ్ల వేషం. ఉచ్చారణ, నడక, బీరు బ్రాండు, చెవి గోక్కునే తీరు, అన్నీ నేర్చుకున్నాడు. అడిగితే వాడు జాగ్రత్తపడతాడని ఆ ఒక్క ప్రశ్న మింగేశాడు. ఇక్కడి నేలలో పుట్టినవాడు మింగలేడు.

"వాడికి చెప్పావా?"

"చెబితే నువ్విక్కడ బట్టలుతుక్కుంటూ ఉండవు." ఆమె గొంతు తగ్గించింది. "నిన్న కంకర గోతుల దగ్గర పరీక్షించాడు. కాగితం నిండా అడ్డ కన్నాలే. తాళం కన్నాల్లా. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. ఇదేంటని నన్నడిగాడు."

"ఏం చెప్పావ్?"

"కాగితం వదులుగా ఉంది, గాలికి కొట్టుకుంది, అందుకే అలా చిరిగింది అన్నాను. సగం నమ్మాడు. మిగతా సగానికి రెండో పెట్టె విప్పాడు. తేలికవి చక్కగా ఒకేచోట పడ్డాయి." కోరిన్ లిప్‌స్టిక్ కొంచెం చెదిరింది, సరిచేసుకోలేదు. "అంకుల్ మాత్రం బరువువే వాడమన్నాడట, పోటీవాళ్ల బుల్లెట్లతో కలవాలని. వీడికేమో తేలికవి నచ్చాయి. ఏది పెడతాడో వాడికే తెలీదు."

"ఆ రెండో పెట్టె నువ్వెందుకు కొన్నావ్?"

"అప్పటికి నేనింకా నిర్ణయించుకోలేదు, అందుకు." చాలా మామూలుగా చెప్పింది. "ఇప్పుడు నిర్ణయించుకున్నాను. ఆ ముసలాడు నాకు కెమిస్ట్రీ చెప్పాడు. ఫెయిల్ చేశాడు కూడా, అది వేరే సంగతి."

గుట్ట మీద వెస్ట్‌లేక్ పక్కన తనే ఉంటానంది. అతను బరువు తూటాలు పెడితే రేడియోలో 'పీచ్ పై' అని పళ్ల మిఠాయి పేరు చెబుతుంది. తేలికవి పెడితే 'యాపిల్ పై' అంటుంది. యాపిల్ అని వినబడిన మరుక్షణం అన్నీ ఆపెయ్యాలి, అంకుల్ దొరికినా దొరక్కపోయినా. సాయంత్రం కారు కడిగే షెడ్డులో ప్రెంటిస్ దీనికి ఒప్పుకుంది, కానీ మొహం చిట్లించుకుని ఒప్పుకుంది.

*

శనివారం గాలి పొద్దున్నే లేచింది. పార్కింగ్ నిండా పికప్ ట్రక్కులు, చుట్టుపక్కల జిల్లాల జనం, పాన్‌కేకుల బల్ల ముందు క్యూ. గుట్ట వెనక పొదల్లో ప్రెంటిస్ మనుషులిద్దరు తెల్లవారకముందునుంచి పడుకుని ఉన్నారు. తుపాకీ పేలేదాకా కదలొద్దని వాళ్లకి ఆజ్ఞ. వెస్ట్‌లేక్ వీపు కనబడుతుంది వాళ్లకి, తుపాకీ మ్యాగజైనులో ఏ తూటాలున్నాయో కనబడదు.

ఎల్డన్ చెవిలో వినికిడి యంత్రం పెట్టుకుని లైన్లో తన చాప మీద బోర్లా పడుకున్నాడు. తూటాలవాళ్లకి చెవుడు మామూలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అందులోంచి ప్రెంటిస్ చిప్స్ నమలడం వినబడుతోంది.

"అంకుల్ ఉన్నాడా?" అడిగాడు చొక్కా కాలర్లోకి.

"ఈ రెండు వందల మందిలో ఎవడో ఒకడు. నువ్వు కాల్చుకో."

"కోరిన్ ఏమంది?"

"ఇంకా ఏమీ అనలేదు."

ఎల్డన్ తల తిప్పి వెనక్కి చూశాడు. పాన్‌కేకుల బల్ల దగ్గర తెల్ల బూట్లు కనబడ్డాయి. కోరిన్ గుట్ట మీద లేదు. చేతిలో కాగితపు పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది, మొహం తెల్లగా పాలిపోయి ఉంది. వెస్ట్‌లేక్ ఆమెను కిందికి పంపేశాడు. రేడియో కూడా తీసేసుకున్నాడు.

"బాస్, కోరిన్ కింద ఉంది. గుట్ట మీద ఏ తూటానో ఎవరికీ తెలీదు."

నమలడం ఆగింది.

లైను అధికారి మైకులో కేక పెట్టాడు. "లోడ్ చేసుకోండి!" వరసంతా మ్యాగజైన్లు టకటకమని పడ్డాయి.

"ఉండు," అంది ప్రెంటిస్. "అంకుల్ బరువువే వాడమన్నాడు. వీడు మాట వినేవాడే. అడ్డంగా పోయే బుల్లెట్టు ఆయన్నే వెతుక్కుంటూ వెళుతుందా? కదలకు ఎల్డన్. రెండేళ్ల పని."

"తేలికవి పెడితే?"

"పెట్టడు."

దూరాన కుంగిన కట్ట మీదుగా ఆర్విడ్ టోపీ కనబడుతోంది. ఎండలోకి మొహం పెట్టి కూర్చున్నాడు. ఎల్డన్ ఆ టోపీ వైపు చూసి, అది ఒక్కసారిగా కిందికి పడిపోవడం ఊహించుకోవడానికి ప్రయత్నించాడు. ఏమీ అనిపించలేదు. ఖాళీ కుర్చీని ఊహించాడు. ఒమాహాలో లొరీన్ కూర్చునే కుర్చీని కూడా ఊహించాడు. అదీ ఇదీ ఒకేలా ఉన్నాయి, చెక్కా మేకులూ. ఇంత జరుగుతున్నా తనకేమీ కావడం లేదన్నది అతనికి స్పష్టంగా తెలుస్తోంది. అది కూడా ఎవరో చెప్పగా విన్నట్టే ఉంది.

గుంటలోంచి బోర్డులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. లైన్లో రైఫిళ్లు మొదలెట్టాయి. చప్పుడు నేలలోంచి కడుపులోకి వచ్చింది.

"ఆపండి! కాల్పులాపండి!"

ఎవరు అరిచారా అని ఎల్డన్ కూడా అనుకున్నాడు. అరిచింది తనే. గొంతు అతన్ని అడగలేదు.

రైఫిల్ క్లబ్బుల్లో ఆ మాటకున్న విలువ చర్చిలో ప్రార్థనకి లేదు. ఎవరైనా అరవచ్చు, పాన్‌కేకులు పోసే ఆవిడైనా సరే. ఒకసారి ఆ కేక పడిందా, కారణం ఎవరూ అడగరు. వేళ్లు ట్రిగ్గర్ల మీంచి లేస్తాయి. మ్యాగజైన్లు ఊడతాయి. లైన్లో వాళ్లు రైఫిళ్లు కింద పెట్టి వెనక్కి జరిగి, ఖాళీ చేతులు కనబడేలా నిలబడిపోతారు. చూడ్డానికి వచ్చినవాళ్లూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. మళ్లీ చెప్పేదాకా అడుగు కదలదు. ఇక్కడి పిల్లలకి నడకతో పాటే అది నేర్పుతారు.

చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. గుంటలో ఆర్విడ్ విసుక్కుంటూ కుర్చీలోంచి లేచాడు. కేక పడితే గుంటకి పెద్దగా ఉన్నవాడు స్తంభానికున్న ఫోన్ ఎత్తి కారణం కనుక్కోవాలి, అది రూలు.

ఆయన కుర్చీ వదిలిన క్షణంలోనే గుట్ట మీంచి ఒక్క తుపాకీ పేలింది.

ఒంటరిగా, శుభ్రంగా, జిల్లా అంతా వినబడేటట్టు పేలింది. అప్పటికే బిగుసుకుంటున్న వేలు వెస్ట్‌లేక్‌ది. వాడి శిక్షణలో ఈ కేక లేదు. రెండు వందల తలలు గుట్టవైపు తిరిగాయి. ఆ క్షణంలోనే పొదల్లోంచి ప్రెంటిస్ మనుషులు వాడి వీపు మీద పడ్డారు.

"ఎందుకరిచావ్?" ప్రెంటిస్ గొంతు చెవిలో కోసింది. "అంకుల్ చేజారిపోయాడు! ఇంతమందిలో ఇప్పుడెలా పట్టుకోను?"

ఎల్డన్ చేతులు పక్కలకి పెట్టి నిలబడి, మెల్లిగా తల తిప్పాడు. లైను మొత్తం కదలకుండా ఉంది. పార్కింగులో బీరు డబ్బా నోటిదాకా వెళ్లి ఆగిపోయిన మనిషి ఉన్నాడు. పాన్‌కేకులావిడ గరిటె గాల్లో ఉంది, పెనం మీద పిండి మాడుతోంది. ఇన్నేళ్లు ఊరు వదిలి తిరిగిన కోరిన్ కూడా పళ్లెం కింద పడేసి అరచేతులు చాపి బొమ్మలా నిలబడి ఉంది.

ఆ బొమ్మల కొలువులో ఒక్క మనిషి నడుస్తున్నాడు. బోలెడు జేబుల చొక్కా, మెడలో కెమెరా, పత్రికవాడి వేషం. తొందరేమీ లేనట్టు నీలం రంగు వ్యాను వైపు పోతున్నాడు. ఎంత మామూలుగా నడవాలో అంత మామూలుగా నడుస్తున్నాడు పాపం, చాలా తర్ఫీదు పొందినట్టున్నాడు.

"బాస్," అన్నాడు ఎల్డన్. "నడిచేవాణ్ణి పట్టుకోండి."

*

వ్యాను తలుపు దగ్గర అంకుల్‌ని నేల మీద పడుకోబెట్టాక, లైను అధికారి అనుమతి ఇచ్చాక, ఎల్డన్ గుంటకి వెళ్లాడు. పరుగెత్తలేదు.

ఆర్విడ్ ఫోన్ ఇంకా చేత్తో పట్టుకునే ఉన్నాడు, తీగ వేలాడుతోంది. కుర్చీ వైపు చూస్తున్నాడు. చెక్క కుర్చీ వెన్నులో, మనిషి కూర్చుంటే గుండె ఉండే ఎత్తులో, చిల్లు పడింది. గుండ్రంగా లేదు. బుల్లెట్టు పొడవునా అడ్డంగా చీల్చుకుని పోయింది.

పెట్టింది బరువు తూటాయే. అడ్డంగా పోయే బుల్లెట్టు ఎవర్నీ వెతుక్కుంటూ వెళ్లదని ప్రెంటిస్ అంది. ఇది వెళ్లింది. ఎంపికలో లోపం ఉండనే ఉంది, అయినా లేచి నిలబడకపోతే ముసలాయన పోయేవాడు. ఆ చిల్లు చూస్తుంటే ఎల్డన్‌కి లోపల మొద్దుబారిన చోట ఏదో వేడిగా తగిలింది. ఏమిటా అని చూస్తే కోపం. ప్రెంటిస్ మీదా, తన మీదా, ఒమాహా ఆస్పత్రి మీదా, వరసగా అందరి మీదా.

"ఎంతమందిని పంపారు?" అడిగాడు ఆర్విడ్. గొంతు నెమ్మదిగా ఉంది.

"ఎవరు?"

"నాటకాలొద్దు. ఈ కన్నం కోసం ముప్పై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాను నేను. నువ్వు తూటాలోడివి కాదు కదూ?"

"సగం తూటాలోణ్ణే." ఎల్డన్ ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని కొక్కేనికి తగిలించాడు. ఆ చెయ్యి వదలబుద్ధి కాక అలాగే పట్టుకున్నాడు. "చెప్పొద్దన్నారు పెద్దాయనా. చెబితే మీ మొహంలో తెలిసిపోతుందన్నారు."

"నా మొహంలో రోజూ ఉంది అది. చూసినవాడేడీ?"

"లొరీన్ పోయింది," అన్నాడు ఎల్డన్ ఉన్నట్టుండి. "కిందటి అక్టోబరులో."

ఆర్విడ్ చాలాసేపు అతని మొహం చూశాడు. పట్టుకున్న చేతిని రెండో చేత్తో కప్పాడు. అలా నిలబడగానే ఎల్డన్ కళ్లలోంచి నీళ్లు కారడం మొదలుపెట్టాయి, ఆగలేదు. ఆయన అటు తిరిగి, మర్యాదగా, కుర్చీని పరిశీలించసాగాడు. కన్నంలో వేలు పెట్టాడు. అడ్డంగా కొలిచాడు. నెమ్మదిగా మొహం ఎర్రబడింది.

"ఇది డెబ్బై ఏడు," అన్నాడు. "ఎందులోంచి కాల్చాడు?"

"ఫ్లెచర్ పాత రైఫిలు."

"ఆ ప్రెయిరీ కుక్కల తుపాకీయా? అందులో డెబ్బై ఏడు పెట్టాడా? బ్యారెల్ చూసుకోలేదూ?" ముసలాయన గొంతు లేచింది. "ఆ దేశానికి పదకొండేళ్లు చాకిరీ చేశాను. వాళ్ల అతి పెద్ద రహస్యం పట్టుకుని వచ్చాను. ముప్పై ఏళ్లు ఆలోచించి, ఆలోచించి, చివరికి నా మీదికి బుల్లెట్టు బరువు కూడా ఎంచుకోవడం రాని వెధవని పంపిస్తారా? నేనంత చవగ్గా కనబడ్డానా?"

కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. అది గుంట గోడకి కొట్టుకుని పడింది.

చెవిలో ప్రెంటిస్ గొంతు వినబడింది. ఇప్పుడు చాలా మెత్తగా ఉంది. "ఎల్డన్? ముసలాయన ఎలా ఉన్నాడు? దెబ్బేమైనా తగిలిందా?"

ఎల్డన్ ముక్కు తుడుచుకున్నాడు.

"ఒంటికేమీ లేదు బాస్. పరువుకే తగిలింది."